గ్రాఫిక్స్ కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్: ఏది ఉంచాలి, ఏది పీకేయాలి

గ్రాఫిక్స్ కార్డు డబ్బాలో సీడీ రావడం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు ఒక చిన్న కాగితం, దాని మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంటాయి. స్కాన్ చేస్తే కంపెనీ సైటు తెరుచుకుంటుంది. అక్కడ డ్రైవర్‌తో పాటు వాళ్ల సొంత యుటిలిటీ కూడా కనిపిస్తుంది. ఆసుస్ వాళ్లది జీపీయూ ట్వీక్ 3, ఎంఎస్ఐ వాళ్లది ఆఫ్టర్‌బర్నర్, గిగాబైట్ వాళ్లది కంట్రోల్ సెంటర్, జోటాక్ వాళ్లది ఫైర్‌స్టార్మ్, గెలాక్స్ వాళ్లది ఎక్స్‌ట్రీమ్ ట్యూనర్, సఫైర్ వాళ్లది ట్రిక్స్. ఇవి కాక చిప్ తయారు చేసినవాళ్లవి వేరే ఉన్నాయి: ఎన్‌విడియా యాప్, ఏఎండీ అడ్రినలిన్, ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్. కార్డు కొన్న ఉత్సాహంలో అన్నీ వేసేసుకుంటే ఒకే ఫ్యానుని ముగ్గురు తిప్పుతుంటారు.

వీటన్నిటిలో చాలామందికి నిజంగా పనికొచ్చేవి రెండే: పవర్ లిమిట్ (కార్డు వాడే వాట్ల గరిష్ఠ హద్దు) తగ్గించుకోవడం, ఫ్యాను కర్వ్ (ఎంత వేడికి ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) మార్చుకోవడం. వాటికి ఒక్క టూల్ చాలు. ఆ టూల్ మీ కార్డు కంపెనీదే అయ్యుండాలని కూడా లేదు.

ఎందుకంటే క్లాక్ (చిప్ నడిచే వేగం), పవర్, ఫ్యాను లాంటివి మార్చడానికి ఈ యుటిలిటీలన్నీ చివరికి డ్రైవర్‌నే అడుగుతాయి. ఎన్‌విడియా కార్డయితే ఎన్‌వీఏపీఐ అనే లైబ్రరీ (ప్రోగ్రాములు డ్రైవర్‌తో మాట్లాడే మార్గం) ద్వారా అడుగుతాయి, ఏఎండీ కార్డయితే ఏడీఎల్ఎక్స్ లాంటి వాళ్ల లైబ్రరీల ద్వారా అడుగుతాయి. అందుకే జోటాక్ కార్డు మీద ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సుబ్బరంగా నడుస్తుంది. కంపెనీ సొంత టూల్ తప్పనిసరి అయ్యేది ఆ కంపెనీ అదనంగా పెట్టిన హార్డ్‌వేర్ కోసమే: ఆర్‌జీబీ లైట్లు, కార్డు పక్కన ఉండే చిన్న తెర, ప్రత్యేక సెన్సర్లు. వీటిలో నాకు నిజంగా విలువైనదనిపించేది ఒకటుంది. ఆసుస్ ఆర్‌ఓజీ ఆస్ట్రల్ కార్డుల్లో 12వీ-2×6 పవర్ కనెక్టర్‌లోని ఒక్కో పిన్నులో ఎంత కరెంటు పోతోందో జీపీయూ ట్వీక్ 3 చూపిస్తుంది. ఈ కనెక్టర్ గరిష్ఠంగా ఇచ్చే 600 వాట్లు 12 వోల్టుల మీద అంటే 50 ఆంపియర్లు. దాన్ని ఆరు పిన్నులు పంచుకుంటే ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు. కనెక్టర్ సరిగా కూర్చోక రెండు పిన్నుల మీదే భారం పడితే అవి కాలిపోతాయి. ఆ తేడా ముందే కనిపెట్టే దారి ఆ కార్డులో ఉంది కాబట్టి, ఆ కార్డున్నవాళ్లు ఆ టూల్ ఉంచుకోవాల్సిందే.

ఇక ఓసీ మోడ్ (ఓవర్‌క్లాక్, అంటే చిప్‌ని మామూలు కంటే వేగంగా నడపడం) సంగతి. కొన్ని డబ్బాల మీద 'ఓసీ మోడ్', 'గేమింగ్ మోడ్' అని రెండు బూస్ట్ క్లాకులు రాసి ఉంటాయి. మొదటిది రావాలంటే వాళ్ల యుటిలిటీ వేసి బటన్ నొక్కాలి. ఈ రెంటి మధ్య తేడా మామూలుగా 30 మెగాహెర్ట్జ్. 1800 మీద 30 అంటే రెండు శాతం కూడా కాదు. పైగా కార్డు చల్లగా ఉంటే డబ్బా మీద రాసినదాని కంటే ఎక్కువ క్లాకే దానంతటది అందుకుంటుంది. దీని కోసం బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక ప్రోగ్రాం, రెండు సర్వీసులు పెంచి పోషించడం దండగ.

ముందు డ్రైవర్

డ్రైవర్‌ని కార్డు కంపెనీ సైటు నుంచి తీసుకోకండి, అక్కడ పాతది ఉంటుంది. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ సైట్లకే వెళ్లండి. ఏఎండీ ఇన్‌స్టాలర్ మూడు రకాలు అడుగుతుంది: ఫుల్, మినిమల్, డ్రైవర్ ఓన్లీ. పవర్, ఫ్యాను ట్యూనింగ్ కావాలంటే ఫుల్ ఎంచుకోండి. డ్రైవర్ ఓన్లీలో ఆ ప్యానెలే రాదు. ఎన్‌విడియా ఇన్‌స్టాలర్లో కస్టమ్‌కి వెళ్తే భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ చాలామంది హెచ్‌డీ ఆడియో డ్రైవర్‌కి టిక్ తీసేస్తారు, తర్వాత హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే సౌండ్ రాలేదంటారు. మానిటర్ స్పీకర్లో, టీవీయో వాడేవాళ్లు దాన్ని ఉంచుకోండి.

ఎన్‌విడియా పాత ప్రోగ్రాం జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ స్థానంలో 2024 నవంబరులో ఎన్‌విడియా యాప్ వచ్చింది. లాగిన్ అడగదు, అది మంచి మార్పు. కానీ వచ్చిన కొత్తలోనే ఒక గొడవ అయింది. గేమ్ ఫిల్టర్లు, ఫోటో మోడ్ అన్న ఫీచర్ ఆన్‌లో ఉంటే, ఏ ఫిల్టరూ వాడకపోయినా కొన్ని గేముల్లో ఫ్రేములు పడిపోయేవి. దాన్ని ఆపి గేము మళ్లీ తెరవమని 2024 డిసెంబరులో ఎన్‌విడియానే చెప్పింది. ఇప్పటికీ ఫిల్టర్లు వాడనివాళ్లు సెట్టింగ్స్‌లో ఓవర్‌లే కింద దాన్ని ఆపేసుకోవడమే మేలు.

అదే యాప్‌లోని ఇన్‌స్టంట్ రీప్లే (ఇప్పుడే ఆడిన కొద్ది నిమిషాలని వీడియోగా దాచుకునే ఫీచర్) గురించి కూడా ఒక మాట. ఎన్‌కోడింగ్ పని చిప్‌లోని ప్రత్యేక భాగమే చేస్తుంది కాబట్టి గేము మీద భారం తక్కువే. అయితే ఆ వీడియో డిస్కు మీదకి నిరంతరం రాస్తూనే ఉంటుంది. బిట్‌రేట్ 50 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) పెడితే సెకనుకి 6.25 ఎంబీ, గంటకి 22.5 జీబీ. రోజుకి నాలుగు గంటలు ఆడితే 90 జీబీ. చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి మార్చుకోండి, లేదంటే ఆ ఫీచరే ఆపేసుకోండి.

పవర్ లిమిట్

ఈ స్లయిడర్‌ని అందరూ పైకి జరుపుతారు. కిందకి జరపడంలోనే లాభం ఉంది. చివరి వంద మెగాహెర్ట్జ్ కోసం చిప్ చాలా ఎక్కువ వోల్టేజీ తీసుకుంటుంది. ఖర్చయ్యే వాట్లేమో వోల్టేజీ వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతాయి. అందుకే వాట్లు 20 శాతం కోసినా ఫ్రేములు 20 శాతం పడిపోవు, అంతకంటే చాలా తక్కువే తగ్గుతాయి.

ఆర్‌టీఎక్స్ 3060 తీసుకుందాం. దాని మామూలు లిమిట్ 170 వాట్లు. ఆఫ్టర్‌బర్నర్లో పవర్ లిమిట్ 80 పెట్టి టిక్ గుర్తు నొక్కితే 136 వాట్ల దగ్గర ఆగుతుంది. ఈ 34 వాట్లు మన ఇళ్లలో ఎక్కడ అక్కరకొస్తాయంటే యూపీఎస్ దగ్గర. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. గేము నడుస్తుండగా కార్డు, ప్రాసెసర్, మానిటర్, పవర్ సప్లై నష్టం అన్నీ కలిపితే దాదాపు ఆ అంచుకే వస్తాం. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే యూపీఎస్ ఓవర్‌లోడ్ అయ్యి కీచుమని అరిచి ఆగిపోతుంది. పవర్ లిమిట్ తగ్గించిన మెషీన్ గేము సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసేంతసేపైనా నిలబడుతుంది. స్లయిడర్ ఎంత కిందకి దిగుతుందో కార్డు వీబయోస్‌లో (కార్డులోనే ఉండే మూల ప్రోగ్రాంలో) రాసి ఉంటుంది, టూల్ మారిస్తే అది మారదు.

ఏఎండీలో సంగతి వేరు. ఆర్‌ఎక్స్ 6000, 7000 సిరీస్ కార్డుల్లో చాలావాటికి పవర్ స్లయిడర్ కిందకి 10 శాతానికి మించి దిగదు. అక్కడ అడ్రినలిన్‌లో పర్ఫార్మెన్స్, ట్యూనింగ్, కస్టమ్ అనే వరుసలో వెళ్లి జీపీయూ ట్యూనింగ్ ఆన్ చేసి, గరిష్ఠ ఫ్రీక్వెన్సీని, వోల్టేజీని కొద్దికొద్దిగా దించాలి.

ఏఎండీ వాళ్లకి కరెంటు కోతలతో ఇంకో తలనొప్పి ఉంది. పీసీ నడుస్తుండగా కరెంటు పోయి మళ్లీ వస్తే, అనుకోని సిస్టమ్ ఫెయిల్యూర్ వల్ల ట్యూనింగ్ సెట్టింగులు డిఫాల్ట్‌కి మార్చామని అడ్రినలిన్ ఒక నోటీసు చూపిస్తుంది. మీ సెట్టింగుల వల్లే మెషీన్ పడిపోయిందని దాని అనుమానం. కార్డు పాడైందేమోనని కంగారుపడక్కర్లేదు. ట్యూనింగ్ పేజీలో ప్రొఫైల్ సేవ్ చేసుకునే సదుపాయం ఉంది. ఒకసారి ఫైలుగా దాచుకుంటే, నోటీసు వచ్చినప్పుడల్లా ఆ ఫైలే లోడ్ చేసుకోవచ్చు. చాలామంది ఆ నోటీసు చదవకుండా మూసేస్తారు. అండర్‌వోల్ట్ (అదే క్లాక్‌ని తక్కువ వోల్టేజీతో నడపడం) ఇంకా పనిచేస్తోందనుకుంటూ నెలల తరబడి డిఫాల్ట్ మీదే నడుపుతుంటారు.

పవర్ లిమిట్ కంటే ఇంకో మెట్టు ముందుకెళ్లాలంటే అండర్‌వోల్ట్ చేయాలి. 3060కే ఆఫ్టర్‌బర్నర్లో ఇలా చేస్తారు:

1. ముందు ఏమీ మార్చకుండా బరువైన గేము పదిహేను నిమిషాలు ఆడి క్లాక్, టెంపరేచర్, వాట్లు రాసి పెట్టుకోండి. ఇవి లేకపోతే తర్వాత ఏం బాగుపడిందో తెలియదు.
2. కోర్ క్లాక్ స్లయిడర్‌ని మైనస్ 300కి దించి టిక్ నొక్కండి.
3. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ-ఫ్రీక్వెన్సీ కర్వ్ తెరుచుకుంటుంది. కింద 875 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని పట్టుకుని 1800 మెగాహెర్ట్జ్ దాకా పైకి లాగండి.
4. మళ్లీ టిక్ నొక్కండి. ఆ చుక్కకి కుడివైపున్నవన్నీ ఒకే గీతలో చదును కావాలి. కాకపోతే ఏదో చుక్క 1800 పైన మిగిలిపోయిందన్నమాట. రెండో మెట్టులో ఇంకాస్త దించి మళ్లీ చేయండి.
5. కింద ఉన్న అయిదు ప్రొఫైళ్లలో ఒకదాంట్లో సేవ్ చేసుకోండి.

875 అన్నది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. ఒకే మోడల్లో కూడా ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు. రే ట్రేసింగ్ (కాంతి ఎలా పడుతుందో లెక్కగట్టి చూపే బరువైన పద్ధతి) ఉన్న గేముతోనే పరీక్షించండి. మామూలు గేములో గంటలు నిలబడ్డ సెట్టింగు లోపం అక్కడ పది నిమిషాల్లో బయటపడుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చినా, గేము డెస్క్‌టాప్‌కి పడిపోయినా, ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి చూడండి. అక్కడ డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు ఉంటే, జీపీయూ రెండు సెకన్లలో జవాబివ్వలేదని విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేసిందని అర్థం. 12.5 మిల్లీవోల్టులు పెంచి మళ్లీ ప్రయత్నించండి. రెండు సెకన్ల గడువుని రిజిస్ట్రీలో పెంచమనే చిట్కాలు కనిపిస్తాయి. అవి జబ్బుని దాచడానికే తప్ప తగ్గించడానికి కాదు.

విండోస్‌తో పాటే సెట్టింగులు అమలయ్యే బటన్ ఒకటి ఆఫ్టర్‌బర్నర్లో ఉంది. కనీసం వారం రోజులు వాడి చూశాకే దాన్ని నొక్కండి. నిలవని సెట్టింగుకి అది తోడైతే డెస్క్‌టాప్ రాగానే మెషీన్ హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే. అలా ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్ తీసేయడమే దారి. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో వెతికితే దొరకదు, అది టాస్క్ షెడ్యూలర్‌లో ఉంటుంది.

మెమరీ ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. జీడీడీఆర్6ఎక్స్ మెమరీలో తప్పు దొర్లితే కార్డు ఆ డేటాని మళ్లీ పంపించుకుంటుంది. కాబట్టి హద్దు కాస్త దాటినా వెంటనే క్రాష్ కాదు, ఫ్రేములు మాత్రం తగ్గుతాయి. స్లయిడర్ పైకెళ్లిందని సంబరపడకుండా బెంచ్‌మార్క్ స్కోరు చూడాలి.

ఎండాకాలంలో ఫ్యాను

ఇప్పటి కార్డుల్లో చాలావాటికి జీరో ఆర్‌పీఎం ఉంటుంది. చిప్ 50 డిగ్రీల పైకి ఎక్కేదాకా ఫ్యాన్లు కదలవు. చలికాలంలో, ఏసీ గదిలో ఇది హాయి. మే నెలలో గది 38, 40 డిగ్రీలున్నప్పుడు మాత్రం బ్రౌజర్లో వీడియో చూస్తుంటేనే కార్డు ఆ హద్దు మీదకొస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, రెండు డిగ్రీలు తగ్గుతుంది, ఆగుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. నిమిషానికోసారి 'గుర్ర్' మని మొదలై ఆగిపోయే ఈ చప్పుడు విని ఫ్యాను పోయిందని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లేవాళ్లున్నారు. ఎండాకాలం నాలుగు నెలలూ జీరో ఆర్‌పీఎం ఆపేసి 30 శాతం దగ్గర ఫ్యానుని తిరగనివ్వండి. అడ్రినలిన్‌లో ఫ్యాన్ ట్యూనింగ్ కింద దానికి విడిగా స్విచ్ ఉంది. ఆఫ్టర్‌బర్నర్లో అయితే ఫ్యాన్ ట్యాబ్‌లో సొంత కర్వ్ గీసుకుంటే సరి.

కర్వ్ అంకెలకి ఇది ఒక ఆరంభం: 50 డిగ్రీలకి 35 శాతం, 65కి 50, 75కి 70, 83కి 100. అంతకంటే ముఖ్యమైనది ఆ ట్యాబ్‌లోనే ఉండే హిస్టెరిసిస్, అంటే ఎన్ని డిగ్రీలు తగ్గాక ఫ్యాను వేగం తగ్గాలో చెప్పే అంకె. దాన్ని సున్నా వదిలేస్తే ఒక్క డిగ్రీ మారినా ఫ్యాను వేగం మారి హార్మోనియంలా వాయిస్తుంది. 4 లేదా 5 పెట్టండి. ఇలా గీసిన కర్వ్‌ని మామూలుగా నడిపేది ఆఫ్టర్‌బర్నరే, కార్డు కాదు. ప్రోగ్రాం మూసేస్తే ఫ్యాను కంపెనీ పద్ధతికి వెళ్లిపోతుంది. కాబట్టి అది టాస్క్‌బార్ మూలనున్న ట్రేలో నడుస్తూ ఉండాలి.

గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో 68 ఉన్న కార్డు 38 డిగ్రీల గదిలో 82 చూపిస్తే అది జబ్బు కాదు, లెక్క. 82 దాటి క్లాకులు తగ్గుతుంటే అప్పుడు దుమ్ము చూసుకోవాలి. ఫిన్నుల మధ్య పేరుకున్న మట్టిని ఏ యుటిలిటీ ఊడ్చదు.

ఎన్‌విడియా యాప్, కంపెనీ యుటిలిటీ, ఆఫ్టర్‌బర్నర్ మూడూ ఉంచుకుని మూడింట్లోనూ ఫ్యాను ముట్టుకుంటే ఎవరు చివర రాస్తే వాళ్లదే చెల్లుతుంది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ వరుస మారొచ్చు కూడా. 'నిన్న పనిచేసింది, ఈరోజు చేయలేదు' అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

లైట్లు, తలుపులు

ఆర్‌జీబీ కోసం మాత్రమే కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసేవాళ్లు ఒక పని చేయొచ్చు. ఇన్‌స్టాల్ చేసి, రంగు పెట్టి సేవ్ చేసి, ప్రోగ్రాం తీసేసి, మెషీన్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. కొన్ని కార్డులు రంగుని తమ మెమరీలోనే దాచుకుంటాయి, అలాంటి వాటికి ఆ ప్రోగ్రాం ఇక అక్కర్లేదు. రంగు పోయి మళ్లీ ఇంద్రధనుస్సు వస్తే ఓపెన్‌ఆర్‌జీబీ అనే ఉచిత ప్రోగ్రాం మీ కార్డుని గుర్తుపడుతుందేమో చూడండి.

తీసేయమని ఇంతగా చెప్పడానికి కారణం ర్యామ్ ఒక్కటే కాదు. ఈ యుటిలిటీలు హార్డ్‌వేర్‌ని తాకడానికి కెర్నెల్ స్థాయి (విండోస్ లోలోపల, పూర్తి అధికారాలతో నడిచే) డ్రైవర్ ఒకటి వేస్తాయి. అందులో లోపముంటే మామూలు ప్రోగ్రాం కూడా ఆ దారినే సిస్టమ్ లోపలికి దూరుతుంది. గిగాబైట్ వాళ్ల ఆరస్ గ్రాఫిక్స్ ఇంజిన్ 1.57కి ముందు వెర్షన్లలో ఇలాంటి లోపమే ఉంది, దాని నంబరు సీవీఈ-2018-19320. ఆ కంపెనీ డ్రైవర్‌నే వాడుకుని రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాం) యాంటీవైరస్‌లని ఆపేసిందని 2020లో బయటపడింది. ఆఫ్టర్‌బర్నర్ 4.6.2తో వచ్చిన ఆర్‌టీకోర్64 డ్రైవర్‌ది కూడా అదే కథ, దాన్ని 2022లో బ్లాక్‌బైట్ అనే రాన్సమ్‌వేర్ ముఠా వాడుకుంది. పాత కార్డుకి పాత సీడీలోని యుటిలిటీ వేయొద్దనేది అందుకే. విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ అనే రక్షణ అలాంటి డ్రైవర్‌ని అడ్డుకుంటే, ఆ రక్షణని ఆపి యుటిలిటీ నడిపించమని చెప్పే వీడియోలను నమ్మకండి, యుటిలిటీని అప్‌డేట్ చేయండి. ఆఫ్టర్‌బర్నర్‌ని ఎంఎస్ఐ సైటు నుంచో, గురు3డీ నుంచో మాత్రమే తీసుకోండి. అచ్చం అదేలా కనిపించే నకిలీ సైట్లు ఉన్నాయని ఎంఎస్ఐ 2021లోనే హెచ్చరించింది.

తీసేసేటప్పుడు కూడా ఒక వరుస ఉంది. ముందు యుటిలిటీలో అన్నీ డిఫాల్ట్ చేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ నుంచి దాన్ని అన్ఇన్‌స్టాల్ చేయండి. ఎన్‌విడియా నుంచి ఏఎండీకి మారుతున్నా, డ్రైవర్ మొండికేస్తున్నా అప్పుడే డీడీయూ (పాత డ్రైవర్‌ని ఆనవాళ్లతో సహా తీసేసే డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్) అవసరం, ప్రతి అప్‌డేట్‌కీ అక్కర్లేదు. కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని నెట్ కేబుల్ పీకేయండి, లేకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ తనకి నచ్చిన డ్రైవర్ వేసేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఫీచర్) ఉన్న మెషీన్ రికవరీ కీ అడగొచ్చు, అది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి. డీడీయూలో జీపీయూ, కంపెనీ ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కండి. డ్రైవర్ వేశాకే నెట్ కలపండి.

ఎంత తీసేసినా బోర్డు కంపెనీ ప్రోగ్రాం 'ఇన్‌స్టాల్ చేయమంటారా' అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే అది కార్డు నుంచి కాదు, మదర్‌బోర్డు బయోస్ నుంచి వస్తోంది. ఆసుస్ బోర్డుల్లో టూల్ మెనూలో ఆర్మరీ క్రేట్ పేరుతో ఉంటుంది, డిసేబుల్ చేయండి. గిగాబైట్ బోర్డుల్లో కూడా యాప్ సెంటర్ డౌన్‌లోడ్ అన్న పేరుతో అలాంటిదే ఉంది.

ల్యాప్‌టాప్ వాళ్లు మాత్రం ఇదంతా చదివి కంపెనీ సాఫ్ట్‌వేర్ పీకేయకండి. అక్కడ సైలెంట్, టర్బో మోడ్‌లు, బ్యాటరీ చార్జింగ్ హద్దు, కొన్నిట్లో గ్రాఫిక్స్ స్విచ్ కూడా దాని చేతిలోనే ఉంటాయి. పవర్ లిమిట్ స్లయిడర్ ఆఫ్టర్‌బర్నర్లో బూడిదరంగులో కనిపిస్తే అది పాడైనట్టు కాదు, ల్యాప్‌టాప్ కంపెనీ తాళం వేసిందంతే. కర్వ్ అండర్‌వోల్ట్ చాలావాటిలో పనిచేస్తుంది.

డెస్క్‌టాప్ కార్డు కొన్నవాళ్లు సాఫ్ట్‌వేర్ వెతికే ముందు కార్డు పై అంచు మీద ఒక బుల్లి స్విచ్ ఉందేమో చూడండి. పీ, క్యూ అనో, ఓసీ, సైలెంట్ అనో రాసి ఉంటుంది. అది రెండు వీబయోస్‌ల మధ్య మారుస్తుంది. మెషీన్ ఆపి సైలెంట్ వైపు జరిపి ఆన్ చేస్తే చాలా కార్డుల్లో ఫ్యాను చప్పుడు తగ్గుతుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే.